గండిపేట గుట్ట మీది రిజిస్టర్లు

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని తార్నాకలోని మా ఇంటికి వచ్చి, అటక మీది రేకు పెట్టెలో ముప్పై ఏళ్లకు పైగా పడి ఉన్న పద్నాలుగు రిజిస్టర్లకు రెండు రోజులు కూర్చుని పేజీ పేజీకీ ఫోటోలు తీసుకుంది. 1985 నుంచి 1992 వరకు గండిపేట దగ్గర ఒక గుట్ట మీద ఉండే కోతుల గుంపును చూస్తూ నేనూ, నాతో పనిచేసిన మరో ఇద్దరూ రాసిన రిజిస్టర్లవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టిన వారానికి ఆ అమ్మాయి ఫోను చేసి, "మేడమ్, కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది, అదేమిటి?" అని అడిగింది. చేతిరాత నాదే, సున్నా నాదే. అయినా ఎంత ఆలోచించినా దాని అర్థం గుర్తుకు రాలేదు. గుర్తుల పట్టికను మొదటి రిజిస్టరు అట్ట లోపలి వైపు అంటించి పెట్టుకునేవాళ్లం. ఆ అట్టను చెదలు తినేశాయి. ఆ సున్నా కోసం పెట్టెను మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాక పని ఒక్క సున్నాతో పోలేదు.

1985లో ఉస్మానియాలో ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసి, చెరువుల్లో చేపల మీద పరిశోధన చేయాలని గైడ్ సారు గదిలోకి వెళ్లినదాన్ని, కోతుల మీద పరిశోధన చేయడానికి ఒప్పుకొని బయటికి వచ్చాను. చేపల పనికి అప్పటికే ఇద్దరున్నారు, కోతుల పనికి ఎవరూ లేరు. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. మనం మామూలుగా కోతి అనేస్తాం గానీ మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఆ మాటలో రెండు జాతులున్నాయి. నడినెత్తిన పాపిట తీసినట్టు వెంట్రుకలు నాలుగు వైపులా పరుచుకుని టోపీ పెట్టినట్టు కనిపించేది, తోక పొడుగ్గా ఉండేది బానెట్ కోతి. పిరుదుల దగ్గర ఇటుక రంగు జుట్టు, ఎర్రని ముఖం, అంతకంటే పొట్టి తోక ఉండేది రీసస్ కోతి. కొండముచ్చుది అదే కుటుంబంలో వేరే శాఖ. అప్పటి పుస్తకాల్లో గోదావరికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్ అని గీత గీసినట్టు రాసి ఉండేది. ఆ లెక్కన హైదరాబాదు బానెట్‌ల ఊరు, మా గుట్ట మీద ఉన్నవీ బానెట్‌లే.

తెల్లవారుజామున తార్నాకలో బస్సెక్కి, మెహిదీపట్నంలో దిగి, అక్కడి ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని, గండిపేట వైపు వెళ్లే మొదటి బస్సు పట్టుకునేదాన్ని. 1908 నాటి మూసీ వరద తర్వాత కట్టిన ఆ చెరువు కట్ట దూరంగా కనిపించే చోట దిగి, రెండు కిలోమీటర్లు నడిస్తే గుట్ట వచ్చేది. గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే మామూలు హైదరాబాదు గుట్టే: పైన చిన్న గుడి, కింద మూడు పెద్ద చింతచెట్లు, ఒక మర్రి, చుట్టూ సీతాఫలం పొదలు. మెడలో డిపార్ట్‌మెంటు వాళ్ల బైనాక్యులర్స్, చేతికి హెచ్ఎమ్‌టీ గడియారం, క్లిప్పు పెట్టిన అట్ట, కాళ్లకు కాన్వాస్ బూట్లు. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయలు, పేలాలు అమ్ముకునే ఒక అవ్వ మొదటి వారమంతా నన్ను పైనుంచి కిందికి చూసి, ఎనిమిదో రోజున అడిగింది: "ఏం బిడ్డా, సర్కారోళ్లు కోతుల లెక్క రాసుటానికి జీతమిస్తరా?" "ఇస్తరవ్వా, జెర ఆలస్యంగ ఇస్తరు" అన్నాను. నేను వేళాకోళానికి అన్న ఆ మాటే తర్వాత నిజమై మా పనికి ఎంత చేటు తెచ్చిందో ముందు ముందు చెబుతాను.

మొదటి మూడు నెలలూ ముఖాలు నేర్చుకోవడంతోనే సరిపోయింది. గుంపులో ముప్పై ఒక్క కోతులుండేవి. చూసీ చూడని కళ్లకు అన్నీ ఒకటే. ఒకదాని చెవి చిరిగి ఉంటుంది, ఒకదాని పెదవి మీద మచ్చ, ఒకదాని తోక చివర వంకర, ఒకదాని నుదుటి మీద వెంట్రుకలు కొంచెం ముందుకు పడతాయి. కాన్పయిన ఆడవాటిని చనుమొనల పొడవును బట్టి పోల్చుకోవచ్చు. ఈ గుర్తులన్నీ ఒక కార్డు మీద బొమ్మ వేసుకుని ఒక్కొక్కదానికీ అంకె ఇవ్వాలని గైడ్ సారు చెప్పారు. పేర్లు పెడితే మనుషుల గుణాలు అంటగడతామని ఆయన భయం. 1960లో టాంజానియాలోని గోంబేలో చింపాంజీల మధ్యకు వెళ్లిన జేన్ గుడాల్‌ను కూడా, అంకెలకు బదులు పేర్లు పెట్టినందుకు పెద్దవాళ్లు తప్పుపట్టారని తర్వాత చదివాను. మా అంకెలు నెల రోజులు కూడా నిలవలేదు. దానికి కారణం అవ్వే. గుంపులో అందరికంటే పెద్దరికం చెలాయించే ఆడకోతిని చూపించి, "గిది మా యారాలు లెక్కనే ఉన్నది. గదే చూపు, గదే నడక. బుగ్గల నిండ కుక్కుకున్నంక గూడ పక్కదాని చెయ్యి దిక్కే చూస్తది" అంది. ఇక ఆ కోతి ఏడేళ్లూ మా రిజిస్టర్లలో యారాలే. మిగిలిన వాటికి గండిచెవి, మచ్చమూతి, నవాబు, వంకరతోక అని మేమే పెట్టుకున్నాం. గైడ్ సారు మొదట కోప్పడి, రెండో ఏడాదికల్లా తానే ఉదయాన్నే ఫోను చేసి, "యారాలు ఈనిందా?" అని అడిగే స్థితికి వచ్చారు.

మొదటి ఆరు నెలల్లో మేము రాసినదంతా ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది: మగకోతుల పోట్లాటలే ఉన్నాయి. నవాబు వంకరతోకను తరిమింది, వంకరతోక చెట్టెక్కింది, మళ్లీ నవాబు తరిమింది. గైడ్ సారు ఆ పేజీలు చూసి ఏమీ అనకుండా, జీన్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1974లో 'బిహేవియర్' పత్రికలో రాసిన వ్యాసం జిరాక్స్ ప్రతి నా చేతిలో పెట్టారు. గోల చేసేవాటి వైపు, పెద్దవాటి వైపు కన్ను తానంతట తాను పోతుందని, కనిపించినదల్లా రాసుకుంటూ పోతే కాగితం మీదికి ఎక్కేది కోతుల బతుకు కాదు, చూసేవాడి కంటి బలహీనత అని ఆ వ్యాసం సారాంశంగా నేను అర్థం చేసుకున్నాను. దానికి ఆమె చూపిన విరుగుడు సులువుగా కనిపించే కష్టమైన పని: ముందే చీట్లు వేసి వరస నిర్ణయించుకుని, ఆ వరసలో వచ్చిన ఒక్క కోతినే నిర్ణీత సమయం పాటు, పక్కన యుద్ధం జరుగుతున్నా తల తిప్పకుండా చూసి రాయాలి. మేము పది నిమిషాలు పెట్టుకున్నాం. ఆ పేజీలు చదవడానికి చప్పగా ఉంటాయి. కూర్చుంది, కూర్చుంది, గోక్కుంది, చింతచిగురు తింది, కూర్చుంది. ఆ చప్పదనంలోంచే గండిచెవి నాకు కనిపించింది. అంతకుముందు ఆరు నెలల కాగితాల్లో దాని పేరు నాలుగంటే నాలుగు చోట్ల ఉంది, ఎందుకంటే అది ఎవరితోనూ తగువు పడేది కాదు. తగువు వచ్చేలోపే లేచి పక్కకు వెళ్లిపోయేది. యారాలు నడిచి వస్తుంటే, ఇంకా పది అడుగుల దూరం ఉండగానే, తింటున్న పండును వదిలేసి చోటు ఖాళీ చేసేది. పెత్తనం అరుపుల్లో ఉంటుందనుకున్నాను. చప్పుడు లేకుండా ఖాళీ అయ్యే ఆ చోటులోనే ఉందని గండిచెవిని పదేసి నిమిషాల చొప్పున చూశాక తెలిసింది.

కోతుల సంవత్సరం మన పండగలతో కలిసి నడిచేది. బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చే రోజుల్లో, సీతాఫలాలు కళ్లు విప్పే వేళకు, గుంపులో జతకట్టడం మొదలయ్యేది. గర్భం అయిదున్నర నెలలు. దసరాకు కట్టినవి ఉగాదికి ఈనేవి, శివరాత్రి నాటికే ఒకటి రెండు తొందరపడి ఈనేవి. చింతచెట్లు చిగురించే కాలమూ అదే. కొన్ని జాతుల్లో ఆడది ఎదకు వచ్చినప్పుడు పిరుదులు ఉబ్బి ఎర్రబడి దూరం నుంచే తెలుస్తుంది. బానెట్‌లలో అలాంటి బాహాటమైన గుర్తు లేదు. మగది దగ్గరికి వచ్చి వాసన చూసి తెలుసుకోవలసిందే. అది చూసి మేము తెలుసుకోవలసిందే. ఇరవై రెండేళ్ల అమ్మాయిని, గుడికి వచ్చే భక్తులు అటూ ఇటూ నడుస్తుండగా, బైనాక్యులర్స్ పెట్టుకుని ఆ వివరాలన్నీ నిమిషాలు, సెకన్లతో సహా రాసుకుంటూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి మా మేనత్త వరంగల్లు నుంచి వచ్చి, బల్ల మీది రిజిస్టరు సరదాగా తెరిచి, అర పేజీ చదివి మూసేసి, "ఇవి రాస్తే డాక్టరేటు ఇస్తరానే?" అని మా అమ్మను వంటింట్లో అడిగింది. ఆ తర్వాత పెళ్లిచూపుల వాళ్లకు నేను జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నానని మాత్రమే చెప్పేవారు. ఏ జంతువో అడిగితే మాట మార్చేవారు.

కాన్పులు ఎక్కువగా రాత్రిపూట అయ్యేవి కాబట్టి మాకు తెల్లవారాకే తెలిసేది. ముడతలు పడ్డ గులాబీ రంగు ముఖం, తలకు మించిన చెవులు, నల్లని పల్చటి వెంట్రుకలతో తల్లి కడుపుకు అతుక్కుని ఒక కొత్త ప్రాణి కనిపించగానే తల్లి పేరు, తేదీ రాసేవాళ్లం. 1988 మార్చిలో గండిచెవికి పుట్టిన పిల్ల మూడో వారంలో చనిపోయింది. ఎలా పోయిందో మేము చూడలేదు. చూసేసరికి అది తల్లి చేతిలో వేలాడుతూ ఉంది. గండిచెవి దాన్ని వదల్లేదు. నడిచేటప్పుడు ఒక చేత్తో పట్టుకుని మూడు కాళ్ల మీద కుంటుతూ నడిచేది. తినేటప్పుడు పక్కన రాతి మీద పెట్టి, ఒక కాలు దాని మీద ఆనించి తినేది. ఈగలు ముసిరితే చేత్తో తోలేది. రెండో రోజుకు ఎండకు పిల్ల తోలు బిగుసుకుపోయింది. మూడో రోజున యారాలు దగ్గరికి వచ్చి వంగి వాసన చూసింది. నేను చూసిన ఏడేళ్లలో యారాలు వస్తుంటే గండిచెవి కదలకుండా కూర్చున్న రోజు అదొక్కటే. నాలుగో రోజు మధ్యాహ్నం మర్రిచెట్టు కింద దాన్ని వదిలి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, చూసి, మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత రాలేదు. చనిపోయిన పిల్లను తల్లికోతి మోసుకు తిరగడం చాలా చోట్ల చూసి రాసినదే, కొత్త సంగతి కాదు. తల్లికి చావు అర్థమైందా లేదా అన్న ప్రశ్నకు నా కాలమ్‌లో గడి లేదు. పట్టుకున్న చెయ్యి ఏది, ఎన్ని గంటలు అన్నదే రాశాను. అవ్వ మాత్రం ఆ నాలుగు రోజులూ గండిచెవికి విడిగా పేలాలు వేసింది. కోతులకు తిండి పెడితే మా లెక్కలు పాడవుతాయని అంతకుముందు వందసార్లు చెప్పినదాన్ని, అప్పుడు చెప్పలేకపోయాను.

మా రిజిస్టరులో ప్రతి పిల్లకూ తల్లి పేరు గడి ఉండేది, తండ్రి పేరు గడి ఉండేది కాదు. స్కూలు దరఖాస్తు మొదలుకొని రేషన్ కార్డు దాకా అన్నిటా తండ్రి పేరే ముందు అడిగే ఊళ్లో నుంచి వెళ్లిన నాకు అది మొదట్లో వింతగా, తర్వాత హాయిగా ఉండేది. బానెట్ గుంపుల్లో పెద్ద మగవి ఒకటీ రెండూ కాదు, ఇంచుమించు ఆడవాటితో సమానంగా ఉంటాయి. ఒక ఆడది ఎదలో ఉన్న రోజుల్లో రెండు మూడింటితో జతకట్టవచ్చు, ఏ పిల్ల దేనిదో కంటితో తేల్చే దారి లేదు. పైగా ఈ మగవి, రీసస్ మగవాటితో పోలిస్తే, ఒకదాన్నొకటి బాగా ఓర్చుకుంటాయి. మండు మధ్యాహ్నం నవాబూ వంకరతోకా, పొద్దున తరుముకున్నవే, బండ నీడలో ఒకదాన్నొకటి కావిలించుకుని నిద్రపోయేవి. మెహిదీపట్నం హోటల్లో బిల్లు దగ్గర కొట్టుకుని అదే బల్ల మీద మళ్లీ చాయ్ తాగే పెద్దమనుషుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ నీడ గుర్తొచ్చేది.

అందుకే కొండముచ్చుల గురించి చదివినప్పుడు భయం వేసింది. 1960ల మొదట్లో యుకిమారు సుగియామా అనే జపాను శాస్త్రవేత్త ధార్వాడ్ అడవుల్లో కొండముచ్చుల్ని చూస్తూ, బయటి మగవి గుంపు మీద పడి పాత మగదాన్ని తరిమేశాక, కొత్త యజమాని చంటిపిల్లల్ని చంపడం రాశాడు. అంతకు కొంచెం ముందే ఉత్తర, మధ్య భారతంలో వాటిని చూసిన ఫిలిస్ జే అనే అమెరికన్ పరిశోధకురాలికి అవి ఎంతో శాంతంగా కనిపించాయి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. 1971 నుంచి సారా హర్డీ అనే మరో అమెరికన్ పరిశోధకురాలు మౌంట్ ఆబూలో కొన్నేళ్ల పాటు వచ్చిపోతూ చూసి, పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది గనుక కొత్త మగదానికి ఆ హత్య వల్ల లాభముందని వాదించింది. జనం రద్దీ పెరిగిన చోట్ల కోతులకు పట్టిన పిచ్చి మాత్రమే అది అని ఇంకొందరు వాదించారు. ఈ తగువు ఏళ్ల తరబడి నడిచింది. నేను చదువు ముగించి చాలా కాలమయ్యాక, 1999లో, దక్షిణ నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చుల మీద డీఎన్‌ఏ పరీక్షలు చేసినవాళ్లు, పిల్లల మీద దాడి చేసిన మగవాటిలో ఏదీ ఆ పిల్లల తండ్రి కాదని చూపించారు. మా గుట్ట మీదికి కొత్త మగది వచ్చినప్పుడల్లా నేను రెండేసి గంటలు ఎక్కువ కూర్చునేదాన్ని. ఏడేళ్లలో అలాంటిదేమీ చూడలేదు. చూడలేదు కాబట్టి జరగలేదని రాయబోతే గైడ్ సారు ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేసి, "నువ్వు గుట్ట మీద ఉన్న గంటల్లో జరగలేదు" అని రాశారు.

ఏళ్లు గడిస్తే తప్ప కంటికి ఆనని సంగతి ఒకటి మాత్రం నా కళ్ల ముందే నడిచింది. ఆడకోతులు పుట్టిన గుంపును వదలవు, తల్లి హోదా కూతుళ్లకు వస్తుంది. ఇంతవరకు మనకు అర్థమయ్యేదే. అయితే కూతుళ్లలో పెద్దది కాదు, చిన్నది పైకి వస్తుందని జపాను కోతుల్లో కవమురా అనే శాస్త్రవేత్త 1958లోనే చెప్పాడు. ఆ మాట చదివి నేను పెదవి విరిచాను. యారాలుకు అప్పటికే ఒక పెద్ద కూతురుంది, దానికి తల్లి చూపే వచ్చింది. 1986 ఉగాది రోజుల్లో ఇంకో కూతురు పుట్టింది. మొదటి రెండేళ్లూ అక్క వస్తే చెల్లెలు తప్పుకునేది. మూడో ఏడు చెల్లెలు తప్పుకోవడం మానేసి, కీచుమని అరిచి తల్లి వైపు చూసేది. తల్లి ప్రతిసారీ చిన్నదాని పక్షానే లేచేది. నాలుగో ఏడు అరవడం కూడా మానేసింది. 1990 దసరా రోజుల్లో ఒక పొద్దున, పగిలిన కొబ్బరిచిప్ప ముందు కూర్చున్న అక్క, చెల్లెలు నడిచి వస్తుంటే, గండిచెవి లేచినట్టే చప్పుడు లేకుండా లేచి పక్కకు వెళ్లింది. తల్లి అప్పుడు ఆ దరిదాపుల్లో కూడా లేదు. పట్టుమని పది సెకన్లు పట్టని ఆ సంగతి కోసం నాలుగున్నరేళ్లు తిరిగాను. అవ్వకు చెబితే, "చిన్నకోడలు పెత్తనం ఊరందరికి ఎర్కే గద బిడ్డా" అని తీసిపారేసింది.

ఇప్పుడు ఆలస్యంగా వచ్చే జీతం సంగతి. 1988 వానాకాలంలో మాకు ఫెలోషిప్పు ఇచ్చే కార్యాలయం, ఏదో కాగితం మీద సంతకం లేదన్న కారణంతో, డబ్బు ఆపేసింది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు లాభం లేదు. బస్సు చార్జీలకు కూడా కరువై, నాతో పనిచేసే ఇద్దరూ వేరే ఉద్యోగాల్లో చేరిపోయారు. నేను ట్యూషన్లు చెప్పుకుంటూ నెలకొకసారి వెళ్లడానికి ప్రయత్నించి, అది కూడా మానేశాను. పదకొండు నెలల తర్వాత సంతకం దొరికింది. తిరిగి వెళ్లేసరికి మచ్చమూతి లేదు, పేరు లేని పిల్లలు నాలుగున్నాయి, యారాలు ఒడిలో రెండు నెలలో మూడు నెలలో ఉన్న మగపిల్ల ఉంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఎంత అన్నది మా పరిశోధనకు ఆయువుపట్టు. ఆ ఎడం తెలిస్తేనే పై వరసలో ఉన్న తల్లికీ గండిచెవి లాంటి తల్లికీ తేడా ఉందో లేదో తెలుస్తుంది. ఆ పదకొండు నెలల్లో ఎవరికి ఏ రోజున పుట్టింది, పుట్టి పోయినవెన్ని అన్నది ఎవరూ చూడలేదు, కనుక ఎన్నటికీ తెలియదు. చింపాంజీల సంగతైతే ఇంకా కష్టం. అక్కడ ఒక తల్లికి రెండు కాన్పుల మధ్యే సుమారు అయిదేళ్లు పడుతుంది, మూడేళ్ల ప్రాజెక్టులో ఒక కాన్పుకు మించి చూడలేరు. కెన్యాలోని అంబోసెలీలో 1971 నుంచి ఆపకుండా బబూన్ కోతులను చూస్తున్నారు. కరువులో పుట్టడం, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకోవడం, తల్లిది తక్కువ హోదా కావడం లాంటి కష్టాలు మూడో అంతకంటే ఎక్కువో పడ్డ ఆడవి, ఒకటికి మించి పడనివాటికంటే సుమారు పదేళ్లు ముందే పోతాయని వాళ్లు 2016లో చెప్పగలిగారు. దాన్ని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసూయ వల్లనే అని ఒప్పుకుంటున్నాను.

1992 డిసెంబరులో ప్రాజెక్టు ముగిసింది. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. చాలా ఏళ్ల తర్వాత అత్తాపూర్‌లో, అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల కోసం పెట్టిన లాకోన్స్ ప్రయోగశాల చూడటానికి పిల్లల్ని తీసుకెళ్తే, అక్కడి యువకులు జంతువుల మలంలోని హార్మోన్లను కొలిచి, ఆడది చూలుతో ఉందో లేదో చెబుతున్నారు. మేము రోజుల తరబడి కళ్లతో ఊహించినదాన్ని వాళ్లు చిన్న గొట్టంలో చదువుతున్నారు. అదే మలంలోంచి డీఎన్‌ఏ తీసి తండ్రి పేరు గడి కూడా నింపవచ్చునట. గుట్ట దగ్గరికి 2014లో ఒకసారి వెళ్లాను. మర్రి ఉంది, చింతచెట్లు లేవు, మెట్ల దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు పెట్టారు. గోడ మీద వరసగా కూర్చున్న కోతుల్ని చూసి గుండె ఝల్లుమంది గానీ, వాటి తోకలు పొట్టి, ముఖాలు ఎర్రన. రీసస్‌లు గోదావరి దాటి దక్షిణానికి వచ్చి బానెట్‌ల చోట్లలోకి చొరబడుతున్నాయని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చదివే ఉన్నాను. అయినా కొట్టతనితో పాత కోతులేమయ్యాయని అడిగాను. "కోతులు కోతులే గద మేడమ్" అన్నాడు.

సున్నా అర్థం మొన్న ఆదివారం గుర్తుకొచ్చింది. పాల ప్యాకెట్టు వేసే కుర్రవాడు ఆ పొద్దున రాలేదు. నెలాఖరు లెక్క కోసం, ఎప్పటిలాగే, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. చుట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ రోజు గుంపును లెక్కపెట్టినప్పుడు కనిపించని కోతికి వేసే గుర్తది. కనిపించకపోవడం వేరు, చనిపోవడం వేరు. మగది వరసగా మూడు నెలలు కనిపించకపోతే వేరే గుంపుకు పోయి ఉండవచ్చు కాబట్టి "వెళ్లినది" అని రాసేవాళ్లం. ఆడది గుంపు వదలదు కాబట్టి, మూడు నెలలు వరసగా సున్నాలు పడితే, చివరి సున్నా పక్కన అడ్డంగా రెండు గీతలు కొట్టేవాళ్లం.

వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. ఆమె కాసేపు మౌసు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "మేడమ్, గండిచెవికి 1992 ఆగస్టు నుంచి డిసెంబరులో ఆఖరి పేజీ దాకా అన్నీ సున్నాలే ఉన్నాయి. గీతలు లేవు. ఏమని ఎక్కించను?" అంది. నవంబరు మధ్యలోనే ఆ గీతలు నేను కొట్టి ఉండాలి. గైడ్ సారు అడగలేదు, నేను కొట్టలేదు. ఆడది గనుక, మూడు నెలలు దాటింది గనుక, మరణం అని ఎక్కించమన్నాను. తేదీ గడిలో చివరిసారి కనిపించిన రోజు వేయమన్నాను: 1992 ఆగస్టు 14, శ్రావణ శుక్రవారం. తల్లి పేరు గడిలో ఏం రాయాలని అడిగింది. మేము గుట్ట మీదికి వెళ్లేనాటికే గండిచెవి పెద్దది, దాని తల్లి ఎవరో మాకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను.